పదమూడు కిలోల ఇనుముకి బండిలో చోటు

హై-లిఫ్ట్ జాక్‌కి చోటు వెతకడం చాలామంది అది ఇంటికొచ్చాక మొదలుపెడతారు. కొనక ముందే చూసుకోవాల్సిన సంగతి ఇది. మామూలు స్క్రూ జాక్‌లా సీటు కింద దూరిపోయే వస్తువు కాదు. నిలువునా రంధ్రాలున్న నాలుగడుగుల ఉక్కు పట్టీ, దాని మీద మెట్టు మెట్టుగా ఎక్కే బరువైన రన్నర్, పక్కన రెండున్నర అడుగుల హ్యాండిల్, అడుగున బేస్ ప్లేటు. అన్నీ కలిపి సుమారు పదమూడు కిలోలు. 36, 42, 48, 60 అంగుళాల పొడవుల్లో దొరుకుతుంది, మన దగ్గర ఎక్కువగా కనిపించేది 48 అంగుళాలది. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని బ్లూమ్‌ఫీల్డ్ అనే చిన్న ఊళ్లో 1905 నుంచి తయారవుతోంది. రైతులు కంచె గుంజలు పీకడానికి, పొలం పనిముట్లు లేపడానికి వాడేవాళ్లు. అందుకే దీనికి ఫార్మ్ జాక్ అనే పేరూ ఉంది. పొలం నుంచి జీపుల మీదకి ఎక్కింది గానీ, దాని ఒళ్లు మాత్రం కొట్టంలో గోడకి ఆనించి పెట్టడానికే తయారైన ఒళ్లు. వేగంగా పోయే బండిలో దాన్ని కుదురుగా ఉంచడం మన పని.

చోటు సంగతికి ముందు ఒక మాట తేల్చుకోవాలి. అసలు మీ బండికి ఈ జాక్ పనికొస్తుందా? ఇది బండి కిందకి దూరి ఇరుసుని లేపే రకం కాదు. పక్కన నిలబడి, బలమైన ఉక్కు అంచు ఏదైనా దొరికితే దాన్ని పట్టుకుని లేపుతుంది. పాత మహీంద్రా జీపులకి, ఉక్కు బంపరున్న జిప్సీలకి అలాంటి అంచు ఉండేది. ఇప్పటి థార్, జిమ్నీ షోరూము నుంచి వచ్చేది ప్లాస్టిక్ బంపర్లతో. వాటి కింద ఈ జాక్ నాలుక పెట్టి హ్యాండిల్ నొక్కితే లేచేది బండి కాదు, బంపర్ ఊడొస్తుంది. తలుపుల కింద చాసిస్‌కి బిగించే రాక్ స్లైడర్లు గానీ, చక్రం చువ్వలకి తగిలించి లేపే కొక్కేల పట్టీ గానీ లేకుండా ఈ జాక్ మోసుకు తిరగడమంటే, పెళ్లికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకెళ్లడమే. లేపే చోటు లేనప్పుడు ఒక మంచి బాటిల్ జాక్, రెండు రికవరీ బోర్డులు, ఒక చెక్క పలక చాలు. ఈ అధ్యాయం దాటేసి ముందుకి వెళ్లిపోవచ్చు.

బరువు లెక్క కూడా ఇక్కడే వేసుకోండి. జిమ్నీ ఖాళీ బరువు దాదాపు 1200 కిలోలు, అన్నీ కలిపి మోయగల గరిష్ఠ బరువు 1545. డెబ్బై కిలోల మనుషులు నలుగురెక్కితే మిగిలేది అరవై, డెబ్బై కిలోలు. అందులో స్లైడర్ల బరువు పోవాలి, నీళ్ల క్యాన్లు పోవాలి, బ్యాగులు పోవాలి. అప్పుడు పదమూడు కిలోలు చిన్న సంఖ్యేమీ కాదు.

ఇక చోటు. ఎక్కడ పెట్టాలన్నా రెండు ప్రశ్నలు వేసుకుని చూడండి. బండి ఒక్కసారిగా ఆగిపోతే, లేదా పల్టీ కొడితే ఈ ఇనుము ఎటు పోతుంది? బండి ఒక పక్కకి ఒరిగి బురదలో కూరుకుపోయినప్పుడు, వానలో, ఒంటరిగా, దీన్ని బయటికి తీయగలనా? ఈ రెండింటికీ మంచి జవాబున్న చోటు దొరకడం కష్టం. రెండూ కుదరకపోతే మొదటిదాన్ని గెలిపించండి. బురదలో అరగంట ఆలస్యమైతే ఏమీ కాదు.

మొదటి ప్రశ్న ఎంత గట్టిదో ఒక లెక్కలో తెలుస్తుంది. గంటకి 50 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండి దేన్నో గుద్దుకుని, ముందు భాగం నలుగుతూ 60 సెంటీమీటర్ల దూరంలో ఆగిందనుకోండి. ఆ క్షణంలో లోపలున్న ప్రతి వస్తువూ తన బరువుకి సుమారు పదహారు రెట్ల బలంతో ముందుకి తోసుకొస్తుంది. పదమూడు కిలోల జాక్ రెండు వందల కిలోల పైచిలుకు బలంతో వస్తుంది. దాని దారిలో ఉండేది మీ వెనక సీటు, ఆ సీట్లో మీ పిల్లలు. సామాను కట్టే కొక్కేల రబ్బరు తాళ్లు ఇక్కడ ఎందుకూ పనికిరావు. అవి వస్తువు గతుకుల్లో ఎగరకుండా ఆపుతాయేమో గానీ, గుద్దుకున్నప్పుడు సాగి వదిలేస్తాయి. డిక్కీలో కార్పెట్ మీద అడ్డంగా పడేసి, పైన బ్యాగులు పేర్చి, కదలదులే అనుకునేవాళ్లున్నారు. ఆ బ్యాగులు జాక్‌ని ఆపవు, దానితో పాటే వస్తాయి.

చూడ్డానికి దర్జాగా ఉండేది బానెట్ మీద పెట్టడం. అమెరికా ర్యాంగ్లర్ ఫొటోల్లో బానెట్ పక్కన, అద్దానికి దగ్గరగా, నిలువునా బిగించి కనిపిస్తుంది. బానెట్ కీళ్ల దగ్గర బిగించే బ్రాకెట్లు ఆ బండికి విడిగా దొరుకుతాయి. మనవాళ్లు థార్ మీద అదే చేయించుకుంటున్నారు. నాకు నచ్చదు. డ్రైవరు చూపుకి సరిగ్గా ఎడమ మూల అడ్డం వస్తుంది. మన రోడ్ల మీద ఆ మూల నుంచే దూడ వస్తుంది, సైకిలు వస్తుంది, పిల్లాడు పరిగెత్తుకొస్తాడు. ఎండలో ఉక్కు మెరుపు కళ్లలో కొడుతుంది. ఎవరినైనా తగిలితే వంగి మెత్తగా తీసుకోవాల్సిన బానెట్ రేకు మీద బిగుసుకున్న ఇనప పట్టీ ఉంటుంది. ఎదురు నుంచి గట్టిగా గుద్దుకుంటే బోల్టులు ఊడిన జాక్‌కి మొదటి మజిలీ మీ ముందద్దమే. ఇంజన్ చూడ్డానికి బానెట్ ఎత్తిన ప్రతిసారీ పదమూడు కిలోలు అదనంగా ఎత్తాలి, ఆ బరువంతా సన్నటి ఆధారపు కడ్డీ మీద నిలుస్తుంది.

పైకప్పు మీద క్యారియర్ ఉంటే అక్కడ చోటు పుష్కలం. కానీ బండి గరిమనాభి పైకి పోతుంది. జాక్ ఒక్కదానితో పెద్ద తేడా రాదు. అయితే పైకప్పు మీదకి ఏదీ ఒక్కటిగా ఎక్కదు. జాక్ వెనకే పార, పార వెనకే డీజిల్ క్యాను, దాని వెనకే టెంటు. మారేడుమిల్లి ఘాట్‌లో గానీ, అరకు దారి మలుపుల్లో గానీ పక్కవాలు మీద ఒరిగినప్పుడు ఆ బరువంతా ఒరిగిన వైపుకే లాగుతుంది. పైగా వాలులో, జారే నేల మీద నిలబడి, తలకంటే ఎత్తు నుంచి పదమూడు కిలోల ఇనుము దించుకోవాలి. అది ఇద్దరి పని. ఇద్దరుంటే ఎప్పుడూ బాగానే ఉంటుంది, కానీ ఈ జాక్ అవసరమయ్యే రోజు రెండోవాడు ఉంటాడన్న హామీ లేదు.

వెనక తలుపు మీద, స్టెప్నీకి ఆనించి అడ్డంగా బిగించడం మరో పద్ధతి. చేతికి అందుతుంది, బురద జాక్ లోపలికి రాదు, చూపుకి అడ్డం లేదు. చిక్కు కీళ్లతోనే. పక్కకి తెరుచుకునే ఆ తలుపు మీద స్టెప్నీ బరువు అప్పటికే వేలాడుతోంది. కీళ్లు ఆ బరువుకి లెక్కగట్టి చేసినవి. దాని మీద ఇంకో పదమూడు కిలోలు, అదీ కీలుకి దూరంగా వేలాడితే, గతుకుల్లో కొన్ని నెలలు తిరిగేసరికి తలుపు వాలిపోతుంది. గడియ సరిగ్గా పడదు, రబ్బరు బీడింగ్ దగ్గర సందు ఏర్పడి దుమ్ము లోపలికొస్తుంది. స్టెప్నీ బరువుని తలుపు మీద నుంచి తీసి చాసిస్‌కి మోయించే విడి క్యారియర్ వేయించుకున్నవాళ్లకి మాత్రం ఇది చాలా మంచి చోటు. ఆ చట్రానికి జాక్‌ని బోల్టులతో బిగించవచ్చు. బిగించాక వెనక నంబరు ప్లేటు, లైట్లు, కెమెరా కనిపిస్తున్నాయో లేదో పది అడుగులు వెనక్కి వెళ్లి చూడండి. నంబరు ప్లేటు కప్పితే పోలీసు ఆపుతాడు, ఆపడం న్యాయం కూడా.

రోల్ కేజ్ పైపులకి క్లాంపులతో కట్టే పద్ధతి ఒకటుంది. వెనక సీటు తీసేసి ఆటల పోటీలకి వాడే బండికి సరే. మనుషులు కూర్చునే బండిలో తలల ఎత్తున ఇనుము వద్దు.

నా ఓటు లోపలి నేలకి. వెనక సీటు వీపుకి ఆనుకుని, అడ్డంగా, డిక్కీ నేల మీద. అక్కడ బరువు బాగా కిందుంటుంది. ముందుకి తోసుకొచ్చే బలం సీటు మీద పడకుండా నేల బోల్టులు ఆపుతాయి. వానకి తడవదు, దొంగకి కనిపించదు. వెనక తలుపు తెరిస్తే చెయ్యి అందుతుంది. రెండు లోటులున్నాయి. పొడవు సరిపోవాలి: 48 అంగుళాలంటే 122 సెంటీమీటర్లు, చక్రాల గూళ్ల మధ్య అంత చోటు మీ బండిలో ఉందో లేదో టేపుతో కొలవండి. లేకపోతే 42 అంగుళాలది తీసుకోండి, పెద్ద టైర్లు వేయని బండికి అది సరిపోతుంది. రెండో లోటు, పని అయ్యాక బురద జాక్‌ని మళ్లీ లోపలికే ఎత్తాలి. ఒక మందపాటి టార్పాలిన్ ముక్క ఎప్పుడూ దాని కింద పరిచి ఉంచితే ఆ గొడవ తీరుతుంది.

నేలకి బిగించడంలోనే అసలు పనితనం ఉంది. డిక్కీ నేల అంటే పలచటి రేకు. దానికి బోల్టు వేసి మామూలు వాషర్ పెడితే గుద్దుకున్నప్పుడు వాషరు రేకుని చించుకుని పైకొచ్చేస్తుంది. కింద వైపు ప్రతి బోల్టుకీ అరచేతి వెడల్పు ఉక్కు ప్లేటు, మూడు మిల్లీమీటర్ల మందానికి తగ్గకుండా పెట్టించండి. ఇంకా మంచిది, వెనక సీటు బోల్టులు గానీ, సామాను కట్టే కొక్కేల బోల్టులు గానీ ఉన్న చోటు వాడుకోవడం. బండి తయారుచేసినవాళ్లు ఆ చోట్లని ముందే బలపరిచారు. అక్కడ నుంచి ఒక బ్రాకెట్ తీసుకోగలిగితే కొత్త రంధ్రమే అక్కర్లేదు. బోల్టు పది మిల్లీమీటర్లది, తల మీద 8.8 అని అచ్చు ఉన్నది. నట్టు లోపల నైలాన్ వలయం ఉన్న రకం, అదిరినా వదులు కాదు. జాక్ పట్టీకి నిలువునా ఉన్న రంధ్రాలే దాన్ని బిగించడానికి సిద్ధంగా ఉన్న దారులు. రెండు చివర్లా ఒక్కో రంధ్రంలోంచి బ్రాకెట్ బోల్టు పైకి రావాలి, పైన చేత్తో తిప్పే పెద్ద నాబ్ పడాలి. చెవుల నట్టు వద్దు, అది తడి చేతికి జారుతుంది, గతుకులకి తిరిగిపోతుంది.

రంధ్రం వేసే ముందు బండి కిందకి దూరి చూడండి. డీజిల్ ట్యాంకు ఎక్కడుంది, బ్రేకు గొట్టాలు ఎటు పోతున్నాయి, వైర్ల కట్ట ఏ మూల నుంచి వెళ్తోంది. డ్రిల్లు మొనకి ఒక చెక్క ముక్క తొడిగి, అవసరమైన లోతు కంటే ముందుకి పోకుండా ఆపుకోండి. వేసిన రంధ్రం అంచుకి తుప్పు నిరోధక ప్రైమర్ రాసి ఆరాకే బోల్టు దించండి.

షాపులో ఒక ప్రలోభం ఎదురవుతుంది. "ఇంత తతంగం ఎందుకు సార్, నాలుగు చుక్కలు వెల్డింగ్ పెట్టేస్తా, జన్మలో కదలదు" అంటాడు వెల్డరు. ఆయన చేతి పని మంచిదే కావచ్చు, మాట మాత్రం వినకండి. వెల్డింగ్ వేడికి రేకు రెండు వైపులా పెయింటు మాడిపోతుంది. పై వైపు మీరు రంగు వేయించుకుంటారు, కింది వైపు ఎవరూ చూడరు, తుప్పు అక్కడ మొదలవుతుంది. ఇంధన ట్యాంకుకి దగ్గర్లో నిప్పు రవ్వ సంగతి చెప్పక్కర్లేదు. బ్రాకెట్‌ని విడిగా, బల్ల మీద వెల్డింగ్ చేయించుకుని, బండికి బోల్టులతో బిగించుకోవాలి. బండి అమ్మేటప్పుడు విప్పేసుకోవచ్చు కూడా.

బిగించిన జాక్ శబ్దం చేస్తుంది. అది తప్పదు, దాని ఒంటి మీద వదులుగా ఉండే భాగాలే ఎక్కువ. హ్యాండిల్ పట్టీకి తగిలి టకటకలాడుతుంది. రెండిటి మధ్య ఇరికించే ప్లాస్టిక్ ముక్క జాక్ తయారీదారులే అమ్ముతారు, సైకిల్ ట్యూబు ముక్క నాలుగు చుట్లు చుట్టినా అదే పని చేస్తుంది. రన్నర్ మీద పైకా కిందకా అని నిర్ణయించే చిన్న మీటని పైకి ఉంచి, హ్యాండిల్‌ని పట్టీకి ఆనించి క్లిప్పు వేసి పెట్టండి. మీట కిందకి ఉంటే, బరువు లేని రన్నర్ పట్టీ మీద ఇష్టమొచ్చినట్టు జారుతుంది. ఈ జాక్ లక్షణమే అది: కనీసం 68 కిలోల బరువు మీద ఉంటేనే మెట్టు మెట్టుగా దిగుతుంది, లేకపోతే ఒక్కసారిగా పడిపోతుంది. అడ్డంగా పడుకోబెట్టినప్పుడు మీట పైకి ఉన్నా రన్నర్ పై చివర వైపుకి జరగగలదు కనుక దాన్ని కూడా ఒక పట్టీతో కట్టేయండి.

బయట బిగించుకున్నవాళ్లకి వేరే తద్దినం ఉంది. ఈ జాక్ పని అంతా రెండు పిన్నుల మీద, వాటి వెనకున్న చిన్న స్ప్రింగుల మీద నడుస్తుంది. పిన్ను రంధ్రంలోకి దిగితేనే మెట్టు నిలుస్తుంది. వికారాబాద్ ఎర్ర దుమ్ము గానీ, రుషికొండ ఉప్పుగాలి గానీ ఆ సందులో పేరుకుంటే పిన్ను సగంలో ఆగిపోతుంది. సగం దిగిన పిన్ను మీద బండి బరువు పెట్టడం కంటే జాక్ లేకపోవడం నయం. కనుక యంత్రాంగం మీద ఒక తొడుగు వేయండి, వానాకాలంలో తొడుగుని అప్పుడప్పుడూ విప్పి ఆరబెట్టండి. తడి పట్టి ఉంచే తొడుగు దుమ్ము కంటే ఎక్కువ చెరుపు చేస్తుంది. నెలకోసారి పాత టూత్‌బ్రష్షు, కిరోసిన్ తీసుకుని పిన్నులు కడిగి, ఆరాక పల్చటి నూనె గానీ సిలికాన్ స్ప్రే గానీ కొట్టండి. గ్రీజు వద్దు, పాత ఇంజన్ ఆయిల్ అసలే వద్దు. జిడ్డుకి అంటిన దుమ్ము రుబ్బురోలు పని మొదలుపెడుతుంది. తర్వాత వేలితో పిన్నులు నొక్కి చూస్తే టక్కున వెనక్కి రావాలి.

జాక్‌తో పాటు ప్రయాణించాల్సిన వస్తువులు కొన్ని ఉన్నాయి. వాటిలో చాలామంది మరిచిపోయేది చెక్క పలక, నిజానికి జాక్ అంత ముఖ్యమైనది అదే. బేస్ ప్లేటు వైశాల్యం 28 చదరపు అంగుళాలు, అంటే 180 చదరపు సెంటీమీటర్లు. బండి ముందు భాగం లేపుతుంటే ఎనిమిది వందల కిలోలు పడ్డాయనుకుందాం. ప్రతి చదరపు సెంటీమీటరు మీదా నాలుగున్నర కిలోల ఒత్తిడి. 18 పౌండ్ల గాలితో ఉన్న మీ టైరు నేల మీద వేసేది సుమారు కిలోంపావు. ఆ టైరు దిగబడిన నల్లరేగడిలో దానికి మూడున్నర రెట్లు ఒత్తిడి పెట్టే జాక్ నిలుస్తుందా? కర్నూలు, ఆదిలాబాద్ వైపు వానాకాలం చేలగట్లు ఎరిగినవాళ్లకి జవాబు చెప్పక్కర్లేదు. బండి లేవదు, జాక్ దిగిపోతుంది. అమ్మే పెద్ద బేస్ 49 చదరపు అంగుళాలది, దానితో ఒత్తిడి రెండున్నరకి తగ్గుతుంది. నలభై సెంటీమీటర్ల చదరపు ప్లైవుడ్ పలక, 18 మిల్లీమీటర్లవి రెండు అతికించి స్క్రూలు కొట్టినది, అరకిలోకి దించేస్తుంది. దాని మధ్యలో బేస్ ప్లేటు చుట్టూ సన్నటి చెక్క బద్దలు నాలుగు కొడితే జాక్ పక్కకి జారదు. ఈ పలకని డిక్కీలో జాక్ కిందే పరిచి, రెండిటినీ కలిపి బిగించేయండి.

పలక తర్వాత, పిన్నులు, స్ప్రింగులు, షియర్ బోల్టు ఉన్న చిన్న రిపేరు పొట్లం ఒకటి. షియర్ బోల్టు అంటే, బరువు సుమారు 3,175 కిలోలు దాటితే తనే తెగిపోయి మిగతా జాక్‌ని, మిమ్మల్ని కాపాడే బోల్టు. జాక్ అనుమతించిన బరువు 2,114 కిలోలే. తెగిన బోల్టు చోట హార్డ్‌వేర్ షాపులో దొరికిన గట్టి బోల్టు వేయకండి. ఆ తెగడమే దాని ఉద్యోగం. మందపాటి చేతి తొడుగులు, చక్రాలకి అడ్డం పెట్టే రెండు చెక్క దిమ్మలు కూడా అదే సంచిలో.

ఉక్కు బంపరు వేయించుకుని దానికి జాక్ బిగించాలని చూసేవాళ్లకి చట్టం గురించి ఒక మాట. బండ్లకి ముందు బిగించే క్రాష్ గార్డులు, బుల్ బార్ల మీద చర్య తీసుకోమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులో రాష్ట్రాలకి రాసింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండి స్వరూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. లోపల, నేలకి బిగించిన జాక్‌తో ఈ తలనొప్పి ఉండదు.

బయట పెట్టారా, తాళం వేయండి. రాత్రి లాడ్జి ముందు ఆపిన బండి మీద నుంచి నాబ్ విప్పి జాక్ ఎత్తుకుపోవడానికి రెండు నిమిషాలు చాలు. తాళం ఇత్తడిదైతే తుప్పు పట్టి మొరాయించదు. తాళంచెవి బండి తాళాల గుత్తిలోనే ఉండాలి, ఇంట్లో డ్రాయరులో కాదు.

అన్నీ అయ్యాక ఒక సాయంత్రం, చీకటి పడ్డాక, ఇంటి ముందు కసరత్తు చేసి చూడండి. డిక్కీ నిండా సామాను పెట్టి, సెల్‌ఫోన్ లైటు ఒక్కటే వెలిగించుకుని, ఎవరి సాయమూ లేకుండా జాక్, పలక బయటికి తీయండి. నాబ్‌లు తిప్పడానికి స్పానరు వెతుక్కోవాల్సి వస్తే బిగింపు మార్చాలి. అన్ని బ్యాగులూ దించితే గానీ జాక్ రాకపోతే సర్దుడు మార్చాలి. రెండు వందల కిలోమీటర్లు తిరిగాక నేల బోల్టులు మళ్లీ ఒకసారి బిగించండి. ప్లేటు కింద పెయింటు నలిగి మొదట్లో కాస్త వదులవుతాయి. బిగించాక నట్టు మీద నుంచి ప్లేటు మీదకి పెయింట్ పెన్నుతో ఒక గీత గీసి పెట్టుకుంటే, తర్వాత ఎప్పుడు కదిలినా గీత విరిగి కనిపిస్తుంది.